కాదనలేనివాని సమ్మతి

2025 నవంబరు నెలాఖరులో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ వారు ఒక ఉత్తర్వు జారీ చేశారు. దేశంలో అమ్మకానికి వచ్చే ప్రతి కొత్త సెల్‌ఫోనులోను 'సంచార్ సాథీ' అనే ప్రభుత్వ యాప్‌ను ముందుగానే అమర్చి ఉంచాలనీ, ఇందుకు 90 రోజులు గడువనీ తయారీ సంస్థలను ఆదేశించారు. పోయిన ఫోనును పట్టుకోవడానికి, మోసగాళ్ల ఆట కట్టించడానికి ఇది ఉపకరిస్తుందని శాఖ వారి వాదన. సంగతి పత్రికలకెక్కగానే పార్లమెంటులో గొడవ చెలరేగింది. న్యాయవాదులు, సంపాదకులు, ఫోన్ల కంపెనీలు ఎవరి దారిన వారు అభ్యంతరం తెలిపారు. డిసెంబరు 3వ తేదీన ప్రభుత్వం ఉత్తర్వును వెనక్కి తీసుకున్నది.

రాజధానిలో పుట్టిన ఉత్తర్వు వారం తిరగకుండానే కన్నుమూయడం అరుదైన విషయం. ప్రజాభిప్రాయానికి ఇంకా విలువ ఉన్నదని ఇక్కడి పరిశీలకులు సంతోషించారు. నేనూ సంతోషించాను. అయితే ఆ రెండు మూడు రోజుల రభసను చూస్తున్నంతసేపూ నాకొక ప్రశ్న తట్టింది. ఆ రోజున అభ్యంతరం చెప్పినవారందరూ "మాకు వద్దు" అని అనగల స్తోమత ఉన్నవారు. ఇంగ్లీషు చదవగలరు, కోర్టుకు పోగలరు, పత్రికకు వ్రాయగలరు. వద్దనడానికి నోరుగాని, తీరుగాని లేనివారి మాట ఏమిటి? వారి చేతిలోకీ ఫోను వచ్చింది. వారి వేలిముద్రలూ యంత్రంలో ఉన్నాయి. వారి గోప్యత ఎవరి పూచీ?

ఈ ప్రశ్నకు సమాధానం ఢిల్లీలో దొరకదు. మన గడపకు ఆవల, శబరి నదికి అవతలి ఒడ్డున, ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే చోట మొదలయ్యే బస్తర్‌లో వెదకాలి. కొంటా సంతకు మన చింతూరు వారు పోతారు. అక్కడి కోయలు, దోర్లాలు భద్రాచలం సంతకు వస్తారు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఇళ్లు వదలి వచ్చిన వేలాది గుత్తికోయలు నేటికీ మన అడవుల అంచులలో గుడిసెలు వేసుకొని, మిరప చేలలో కూలి చేసుకొని బ్రతుకుతున్నారు. అందుచేత బస్తర్ సంగతి తెలుగు పాఠకునికి పరాయి సంగతి కాదు.

ముందుగా కొంత పూర్వకథ చెప్పుకోవాలి. దొంగచాటుగా ఫోన్లు వినే జబ్బు ఢిల్లీకి కొత్తది కాదు. 1988 ఆగస్టులో కర్ణాటక ముఖ్యమంత్రి శ్రీ రామకృష్ణ హెగ్డే పదవి వదులుకున్నది టెలిఫోన్లు విన్నారన్న ఆరోపణ మీదనే. 1991 మార్చిలో శ్రీ రాజీవ్ గాంధీ ఇంటివద్ద హర్యానా పోలీసు కానిస్టేబుళ్లు ఇద్దరు నిఘా వేశారన్న వివాదం ముదిరి శ్రీ చంద్రశేఖర్ ప్రభుత్వమే కూలిపోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ల పుణ్యమా అని ఒక ప్రధానమంత్రి రాజీనామా చేసిన రాజధాని ఇది. 1996 డిసెంబరులో పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు ఫోన్లు వినడానికి కొన్ని కట్టుబాట్లు విధించింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానే 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. చట్టం మారినా పద్ధతి మారలేదు. అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, సమీక్షించేది మరికొందరు కార్యదర్శులు. న్యాయమూర్తి సంతకం నాడూ అవసరం లేదు, నేడూ అవసరం లేదు.

ఢిల్లీలో ఈ లోటును రాజకీయాల పోటీ కొంత పూడుస్తున్నది. ఒక పక్షం వింటే మరొక పక్షం అరుస్తుంది. బస్తర్‌లో అరిచే పక్షమేది?

మన పట్టణాలకు సెల్‌ఫోను దుకాణదారు వెంట వచ్చింది. బస్తర్ లోపలి గ్రామాలకు ఎక్కువగా పోలీసు శిబిరం వెంట వచ్చింది. వామపక్ష తీవ్రవాద ప్రాబల్యం గల ప్రాంతాలలో టవర్లు నిర్మించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2014 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ పథకం మొదటి విడత కింద పలు రాష్ట్రాలలో నిలిపిన 2,343 టవర్లను 2జీ నుండి 4జీకి మార్చాలని 2022 ఏప్రిల్‌లో నిర్ణయించారు. సర్కారు కాగితాలలో ఆ టవర్ల చోట్లకు పెట్టిన పేరు 'భద్రతా స్థలాలు'. పేరులోనే ఉద్దేశం ఉన్నది. శిబిరంలోని జవానుకు ఇంటివారితో మాట్లాడే వీలు కలగడం న్యాయమే. చుట్టుపక్కల గ్రామస్థులకు కూడా ఆ సిగ్నల్ అందడం మేలే. కాని ఊరివాడు తన బంధువుతో మాట్లాడుకోవడానికి తుపాకులు కాపలా కాస్తున్న స్తంభం నీడకు పోవలసి వస్తే, ఆ మాటలు తన సొంతమని అతడు ఎలా నమ్మగలడు?

2018లో శ్రీ రమణ్ సింగ్ ప్రభుత్వం 'సంచార్ క్రాంతి యోజన' పేర ఛత్తీస్‌గఢ్ అంతటా సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఉచితంగా పంచే పథకాన్ని చేపట్టింది. అది ఎన్నికల సంవత్సరం. అదే సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ బీజాపూర్ జిల్లా జాంగ్లాలో 'బస్తర్ నెట్' తొలి దశను ప్రారంభించారు. డిసెంబరులో రమణ్ సింగ్ ప్రభుత్వం ఓడిపోయింది. కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం ఫోన్ల పంపిణీని నిలిపివేసింది. ఇచ్చినవారికి ఒక లెక్క, ఆపినవారికి మరొక లెక్క. పుచ్చుకున్నవారిని మాత్రం ఇచ్చేటప్పుడూ అడగలేదు, ఆపేటప్పుడూ అడగలేదు.

ఇంతమాత్రాన ఆదివాసికి ఫోను అనవసరమని వాదించేవారితో నేను ఏకీభవించను. ఫోనును తమదిగా చేసుకోవడంలో బస్తర్ ప్రజలు దేశానికే పాఠం చెప్పారు. పాత్రికేయుడు శ్రీ శుభ్రాంశు చౌధురి 2010లో 'సీజీనెట్ స్వర' అనే ఏర్పాటు మొదలుపెట్టారు. దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు, చదువు అక్కరలేదు. మామూలు ఫోనునుండి ఒక నంబరుకు పిలుపు చేసి పెట్టివేస్తే చాలు. అవతలి యంత్రమే తిరిగి పిలుస్తుంది. ఒక మీట నొక్కి తన ఊరి సంగతి గోండీలోనో, హిందీలోనో చెప్పవచ్చు. మరొక మీట నొక్కి ఇతరులు చెప్పినది వినవచ్చు. కూలి డబ్బు రాలేదని, బోరింగు చెడిపోయిందని, పంతులుగారు బడికి రావడం లేదని జనం చెప్పుకున్నారు. వాటిని విని అధికారులు కదిలిన సందర్భాలున్నాయి. శతాబ్దాలుగా ఇతరులు చెప్పగా వినడమే తెలిసిన సమాజానికి, తాను చెప్పి ఇతరులచేత వినిపించుకొనే అవకాశం దొరికింది.

అట్లే బీజాపూర్‌కు చెందిన యువ విలేకరి ముకేశ్ చంద్రాకర్ 'బస్తర్ జంక్షన్' పేర యూట్యూబులో ఒక ఛానల్ నడిపాడు. పెద్ద పత్రికల వారు చేరుకోలేని ఊళ్లకు అతడు చేరుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో చిక్కిన కోబ్రా జవాను విడుదలకు తోడ్పడిన విలేకరులలో అతడొకడు. 2025 జనవరి 1న అదృశ్యమై, 3వ తేదీన ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవమై కనిపించాడు. రోడ్డు పనుల అవినీతిని బయటపెట్టినందుకే ఈ హత్య జరిగిందన్నది పోలీసుల అభియోగం. బస్తర్‌లో చేతిలో ఫోను ఉండి నిజం చెప్పదలచినవాని పరిస్థితి అది.

ఈ ఫోను ఇరుపక్షాల అనుమానానికీ గురి అయింది. మావోయిస్టులు టవర్లను పేల్చారు, తగులబెట్టారు. ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి ఎందరో గ్రామస్థులను చంపారు. ఫోను పట్టుకొని తిరగడమే ఆ ముద్రకు సాక్ష్యమైన రోజులున్నాయి. మరొకవైపు పోలీసులకు అదే ఫోనులోని నంబర్లు, ఫొటోలు, పిలుపుల జాబితా అనుమానానికి ఆధారాలు. అడకత్తెరలో పోకచెక్క అన్న సామెత బస్తర్ ఆదివాసికి సరిపోయినంతగా మరెవరికీ సరిపోదు. ములుగు జిల్లాలో మిరప కోతలకు వచ్చిన ఒక గుత్తికోయ స్త్రీ సుక్మాలోని తన తమ్ముడికి ఫోను చేసిందనుకుందాం. ఆమెకు అది అక్కాతమ్ముళ్ల కబురు. వినే యంత్రానికి మాత్రం అది రెండు రాష్ట్రాల సరిహద్దు దాటిన పిలుపు. ఆ కబురుకు అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న దానిలోనే గోప్యత సమస్య అంతా ఇమిడి ఉన్నది.

చదువుకున్నవారి పరిస్థితి కూడా మెరుగుగా లేదు. 2016లో ఎడిటర్స్ గిల్డ్ ప్రతినిధులు బస్తర్ వెళ్లి విచారించి మార్చిలో నివేదిక ఇచ్చారు. తమ ఫోన్లను పోలీసులు వింటున్నారన్న భయంతో అక్కడి విలేకరులు ఫోనులో ఏ విషయమూ మాట్లాడడానికి జంకుతున్నారని వారు వ్రాశారు. అదే నెలలో దంతెవాడ విలేకరి ప్రభాత్ సింగ్‌ను అరెస్టు చేశారు. బస్తర్ పోలీసు ఐ.జి. గురించి వాట్సాప్‌లో అసభ్యమైన వ్యాఖ్య పంపాడన్నది అతనిపై మోపిన నేరాలలో ఒకటి. పదిమంది మధ్య తిరిగిన ఒక సందేశం మనిషిని జైలుకు పంపగలదని బస్తర్ అప్పుడే తెలుసుకున్నది.

2019 అక్టోబరులో ఈ వ్యవహారం ప్రపంచానికెక్కింది. ఇజ్రాయెల్ దేశపు ఎన్.ఎస్.ఓ. కంపెనీ తయారుచేసిన 'పెగాసస్' అనే నిఘా సాధనం ద్వారా సుమారు 1,400 మంది ఫోన్లపై దాడి జరిగిందని వాట్సాప్ సంస్థ అమెరికా కోర్టులో దావా వేసింది. గురి అయినట్లు హెచ్చరిక అందుకున్న భారతీయుల పేర్లు బయటికి రాగా, వారిలో బస్తర్‌తో సంబంధం గలవారు ప్రస్ఫుటంగా కనిపించారు. బస్తర్‌లో నివసించే పరిశోధకురాలు, న్యాయవాది బేలా భాటియా. జగ్‌దల్‌పూర్ న్యాయ సహాయ బృందంలో పనిచేసిన న్యాయవాది షాలినీ గేరా. సీజీనెట్ స్వర స్థాపకుడు శుభ్రాంశు చౌధురి. ఆదివాసి తరఫున కోర్టులో మాట్లాడేవారు ఇద్దరు, ఆదివాసి చేతనే మాట్లాడించేవారు ఒకరు. ఎన్.ఎస్.ఓ. కంపెనీ తన సరుకును ప్రభుత్వాలకు, వాటి సంస్థలకు మాత్రమే అమ్ముతానని చెప్పుకుంటూ వచ్చింది. మరి కొన్నదెవరు? ఈ ప్రశ్నకు ఢిల్లీ నుండి సూటిగా జవాబు రాలేదు.

2021 అక్టోబరు 27న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ అధ్యక్షతన గల ధర్మాసనం దీనిపై సాంకేతిక సంఘాన్ని నియమించింది. జాతీయ భద్రత పేరు చెప్పినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రతిసారీ విచారణనుండి మినహాయింపు దొరకదని ఆ ఉత్తర్వులో స్పష్టంచేసింది. తెలుగువాడైన న్యాయమూర్తి నోట వచ్చిన మాట అది. 2022 ఆగస్టులో సంఘం నివేదిక కోర్టు ముందుకు వచ్చింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉన్నదన్నారు. అది పెగాససే అని తేల్చలేకపోయారు. కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని కూడా ఆ రోజున కోర్టులోనే వెల్లడైంది. అమెరికాలో మాత్రం 2024 డిసెంబరులో జిల్లా కోర్టు ఎన్.ఎస్.ఓ.ను బాధ్యురాలిగా నిర్ణయించింది. 2025 మేలో జ్యూరీ 16 కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించింది. తరువాత న్యాయమూర్తి ఆ మొత్తాన్ని బాగా తగ్గించినా, వాట్సాప్ జోలికి పోరాదని కంపెనీని కట్టడి చేశారు. ఒక కంపెనీ తన ఖాతాదారుల కోసం సముద్రాల అవతల గెలిచిన కేసు అది. ఇక్కడి పౌరులు మాత్రం తమను గురిచూసినదెవరో తెలియక మిగిలిపోయారు.

ఇక చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దాని ఫలితంగా, అనేక వాయిదాల తరువాత, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన నిబంధనలు అమలులోకి రావడానికి వాటిలో 18 నెలల వ్యవధి పెట్టారు. ఈ చట్టానికి మూలస్తంభం పౌరుని సమ్మతి. ఆ సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలని చట్టం అంటున్నది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో దేనిలోనైనా గాని పొందే వీలు పౌరునికి కల్పించాలని కూడా అంటున్నది.

ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నాయి. తెలుగు ఉన్నది. గోండీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాతృభాష గోండీ. హల్బీ లేదు, కోయ లేదు, చివరకు రాష్ట్రం పేరు మోస్తున్న ఛత్తీస్‌గఢీ సైతం లేదు. అంటే సుక్మా అడవిలోని స్త్రీ తనకు అర్థంకాని భాషలో వ్రాసిన నోటీసును, చదవడం రాని కళ్లతో చూసి, విషయం తెలిసి సమ్మతించినట్లుగా వ్రేలు పెట్టాలి. పూర్వం షావుకారు ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడు కూడా కనీసం నోటితో ఏదో ఒక అబద్ధం చెప్పేవాడు. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు.

నిజానికి చాలా సందర్భాలలో ఆమె సమ్మతే అక్కరలేదు. సబ్సిడీ, సంక్షేమ లాభం, ధ్రువపత్రం వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం పౌరుని సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోవచ్చునని చట్టంలోని 7వ సెక్షన్ అనుమతిస్తున్నది. బియ్యం, పింఛను, అంగన్‌వాడీ సరుకు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. బస్తర్ గ్రామంలో ప్రభుత్వంతో తప్ప మరే సంస్థతోను పెద్దగా లావాదేవీలు లేని కుటుంబానికి ఈ ఒక్క సెక్షన్‌తోనే సమ్మతి హక్కులో అధిక భాగం చెల్లిపోయింది. మిగిలిన భాగాన్ని 17వ సెక్షన్ చూసుకుంటుంది. దేశ భద్రత, శాంతిభద్రతల దృష్ట్యా కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు చట్టమే వర్తించదు.

మరి అన్యాయం జరిగితే? ఫిర్యాదు వినవలసిన బోర్డు సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ డబ్బు చేరేది భారత సంచిత నిధికి. నష్టపోయినవానికి ఒక్క పైసా రాదు. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షన్ కింద పరిహారం అడిగే దారి ఒకటి ఉండగా, దానిని రద్దు చేసే ఏర్పాటు కూడా ఈ చట్టంలోనే చేశారు. పైగా పౌరుడు తప్పుడు ఫిర్యాదు చేస్తే అతనికే 10,000 రూపాయల వరకు జరిమానా. ఇంతేకాదు, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను ఈ చట్టం సవరించింది. వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాటతో అధికారి జవాబు నిరాకరించడానికి దారి తేలికైంది. ప్రజాప్రయోజనం మిక్కుటమైనప్పుడు సమాచారం ఇవ్వవచ్చునన్న వేరొక నిబంధన అలాగే ఉన్నదని ప్రభుత్వం వారు అంటున్నారు. ఉన్న మాట నిజమే. కాని అడవిలో వేసిన రోడ్డుకు ఎవరికి ఎంత చెల్లించారని అడిగే విలేకరికి ఇక మీదట ఆ నిబంధన ఎక్కడున్నదో చూపించే బాధ్యత కూడా పడుతుంది. పౌరుని బ్రతుకు గాజుబీరువాలోను, ప్రభుత్వం లెక్కలు ఇనుపపెట్టెలోను పెట్టే చట్టానికి సమాచార రక్షణ అన్న పేరు ఎంతవరకు తగునో పాఠకులే నిర్ణయించాలి.

దీనికి ఢిల్లీలో రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది భద్రత. దీనిని తేలికగా కొట్టివేయరాదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు హతులయ్యారు. 2013 మే 25న ఝీరం లోయలో ఛత్తీస్‌గఢ్ కాంగ్రెస్ నాయకత్వంలో అనేకులను మావోయిస్టులు పొట్టన పెట్టుకున్నారు. అలాంటి దాడులను ముందుగా పసిగట్టడానికి ప్రభుత్వానికి చెవులుండడం తప్పు కాదు. కాని వినడం వేరు, ఎవరికీ లెక్క చెప్పనక్కరలేకుండా వినడం వేరు. 2026 మార్చి 31లోగా మావోయిజాన్ని నిర్మూలిస్తామని కేంద్ర హోంమంత్రి శ్రీ అమిత్ షా గడువు పెట్టి మరీ ప్రకటించారు. యుద్ధానికి గడువు పెట్టిన ప్రభుత్వం యుద్ధం పేర సమకూర్చుకున్న నిఘా అధికారాలకు మాత్రం ఏ గడువూ పెట్టలేదు. శిబిరం ఎత్తివేసిన తరువాత కూడా అందులో పోగైన సమాచారం ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎందుకు ఉంటుందో చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

రెండవ సమాధానం మరింత ప్రమాదకరమైనది. ఆదివాసికి కావలసినది అన్నం గాని గోప్యత కాదని కొందరు పెద్దలు అంటారు. గోప్యత సంపన్నుల ముచ్చట అన్న ఈ వాదనను సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పులోనే తోసిపుచ్చింది. అన్నం కోసం హక్కు వదులుకోమనడం న్యాయం కాదని చెప్పడానికి న్యాయశాస్త్రం కూడా అక్కరలేదు. ధనికుని రహస్యం బయటపడితే పరువు పోతుంది. బస్తర్‌లో ఎవరు ఎవరితో మాట్లాడారన్నది బయటపడితే ప్రాణం పోతుంది. గోప్యత అవసరం ఎవరికి ఎక్కువో దీనినిబట్టి తెలియడం లేదా?

బస్తర్‌తో మనకేమిటని అనుకునే పాఠకులకు మన ఇంటి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. మావోయిస్టుల కదలికలను కనిపెట్టడానికి హైదరాబాదులో ఎస్.ఐ.బి. అనే పోలీసు విభాగం ఉన్నది. 2024 మార్చిలో పెట్టిన కేసులో ఆ విభాగం అధికారులపై తెలంగాణ పోలీసులే అభియోగం మోపారు. మావోయిస్టుల కోసం ఏర్పడిన యంత్రాంగాన్ని ఆనాటి ప్రతిపక్ష నాయకులు మొదలైనవారి ఫోన్లు వినడానికి వాడారనీ, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డు డిస్కులను ధ్వంసం చేశారనీ ఆ అభియోగ సారాంశం. ఆరోపణలను సంబంధితులు ఖండిస్తున్నారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చిలో పెగాసస్ వ్యవహారంపై శాసనసభ ఒక సభాసంఘాన్నే నియమించింది. అక్కడ కూడా ఆరోపణ ఒక పక్షానిది, ఖండన మరొక పక్షానిది. ఎవరి మాట నిజమైనా ఒక్కటి మాత్రం స్పష్టం. దూరపు అడవి పేరు చెప్పి తయారుచేసిన చెవి దగ్గరి నగరంలో వినడానికి ఎక్కువ కాలం పట్టదు. అడవిలో అది పనిచేస్తున్నప్పుడు మనం అడగలేదు గనుక, నగరంలో అడిగినప్పుడు చూపించడానికి లెక్కలు మిగలలేదు.

ఇది చేయి దాటిన వ్యవహారమని నేను అనుకోను. ఫోన్లు వినడానికి అనుమతినిచ్చే అధికారం కార్యదర్శుల చేతినుండి న్యాయమూర్తుల చేతికి మారాలి. ఎన్ని అనుమతులిచ్చారో జిల్లాలవారీగా ఏటా శాసనసభలకు చెప్పాలి. పేర్లు చెప్పనక్కరలేదు, సంఖ్య చాలు. 17వ సెక్షన్ కింద ఇచ్చే ప్రతి మినహాయింపుకు గడువు ఉండాలి, గడువు తీరగానే పార్లమెంటు ముందుకు రావాలి. సమ్మతి నోటీసును షెడ్యూలు భాషలకు పరిమితం చేయక, వినేవాని భాషలో, నోటిమాటగా వినిపించాలి. గోండీలో ఒక యంత్రం మాట్లాడగలదని, జనం దానితో తిరిగి మాట్లాడగలరని సీజీనెట్ స్వర 2010లోనే నిరూపించింది గనుక అసాధ్యమనే సాకు చెల్లదు. వేలిముద్ర పడనంత మాత్రాన బియ్యం నిరాకరించరాదన్న నియమం ప్రతి చౌకడిపో గోడ మీద స్థానిక భాషలో కనిపించాలి.

వీటన్నిటికీ మించిన మార్గమొకటి బస్తర్ సంప్రదాయంలోనే ఉన్నది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభను గుర్తించింది. భూమి తీసుకునేముందు గ్రామసభను సంప్రదించాలని అన్నది. ఊరి భూమి విషయంలో ఊరిని అడగడం న్యాయమైనప్పుడు, ఊరివారి ముఖాలు, వేలిముద్రలు, మాటలు పోగుచేసేముందు అదే ఊరిని అడగడం ఎందుకు న్యాయం కాదు? ఏ శాఖ ఏ వివరాలు తీసుకున్నది, ఎందుకు తీసుకున్నది, ఎవరికి ఇచ్చింది అన్న లెక్క సంవత్సరానికొకసారి గ్రామసభ ముందు చదివి వినిపించే నిబంధన పెడితే, పెద్ద ఖర్చు లేకుండానే గోప్యత హక్కుకు ఒక కాపలాదారు దొరుకుతాడు. గ్రామసభలు బలహీనంగా ఉన్నాయన్న ఆక్షేపణ రావచ్చు. పని అప్పగించకుండా ఏ సంస్థా బలపడదు.

సల్వాజుడుం కేసులో 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు చెప్పినప్పుడు, రాజ్యాంగం అడవి అంచున ఆగిపోదన్న సూత్రం స్థిరపడింది. ఆ సూత్రం తుపాకీకి వర్తించినట్లే టవరుకూ వర్తించాలి. నగరవాసి రెండు రోజులు గొడవ చేసి ఒక యాప్‌ను తన ఫోనులోనికి రాకుండా ఆపగలిగాడు. అందుకతడు గర్వించవచ్చు. అయితే గోప్యత హక్కు దేశంలో నిజంగా బ్రతికి ఉన్నదీ లేనిదీ అతని ఫోనును చూసి చెప్పలేము. కాదనే నోరు లేని మనిషి ఊరకున్నప్పుడు ఆ మౌనాన్ని సమ్మతిగా వ్రాసుకోవడానికి వీలులేని చట్టం వచ్చిననాడే ఆ మాట చెప్పగలము. అటువంటి చట్టం కోసం అడగవలసినవారు ఢిల్లీలో 543 మంది ఉన్నారు. వారిలో మనం ఎన్నుకొని పంపినవారు 42 మంది. శబరికి ఇవతలి ఒడ్డు మనదే గనుక మొదటి ప్రశ్న వారినుండి రావడం ధర్మం.